ఇద్దరు తెరిస్తే నెమ్మదించే యాక్సెస్ డేటాబేస్: సర్వర్ కొనక తప్పదా?

ప్రశ్న

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పంపులు, మోటార్లు, బేరింగులు టోకున అమ్మే సంస్థలో లెక్కలు చూస్తున్నాను. స్టాకు, బిల్లులు, బాకీలు అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో రాయించుకున్న ఒకే ఫైలులో ఉన్నాయి. ఆ ఫైలు మా యజమాని గదిలోని విండోస్ 10 కంప్యూటర్‌లో, షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. మిగిలిన ఐదుగురమూ అక్కడి నుంచే తెరుస్తాము. ఉదయం నేనొక్కడినే ఉన్నప్పుడు ఎంటర్ నొక్కగానే పార్టీ పాతబాకీ కనిపిస్తుంది. రెండో మనిషి తెరిచిన దగ్గర్నుంచి అదే బాకీ రావడానికి అరనిమిషం పడుతుంది. సాయంత్రం ట్రాలీలో సరుకు ఎక్కించుకున్న పార్టీ బిల్లు కోసం కౌంటర్ దగ్గర నిలబడితే, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ ప్లాను పెంచినా ఫలితం లేకపోయింది. కంప్యూటర్లు సరఫరా చేసే వ్యక్తి సర్వర్ కొనమంటున్నారు. ఆ ఖర్చుకు ముందు ఏమేమి పరీక్షించుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

ఫైలు ఆఫీసులోనే ఉంది కాబట్టి ఇంటర్నెట్ వేగానికీ దీనికీ సంబంధం లేదండీ. ఒక్కరుంటే వేగం, ఇద్దరైతే నిదానం అన్నారే, అసలు ఆచూకీ అక్కడే ఉంది. యాక్సెస్‌లో వెతికే పని ఫైలున్న కంప్యూటర్ చేయదు. అది అడిగిన ముక్కలు అందిస్తుంది, వెతకడం మీ కంప్యూటరే చేసుకుంటుంది. ఫైలును ఒక్కరే తెరిచినప్పుడు, ఆ ముక్కలను మీ దగ్గరే దాచుకొని వాడుకోవడానికి విండోస్ అనుమతిస్తుంది. రెండో వ్యక్తి తెరవగానే ఆ అనుమతి రద్దవుతుంది కాబట్టి, ఆపైన ఫైలును చదవడం, అందులో రాయడం ప్రతిసారీ నెట్‌వర్క్ తీగ మీదుగానే జరగాలి. దీనికి తోడు, ఎవరు ఏ రికార్డు పట్టుకున్నారో చూసే ఎల్ఏసీసీడీబీ అనే లాక్ ఫైలు ఒకటి పక్కనే పుడుతుంది.

అందుచేత ముందుగా బ్యాకప్ తీసుకొని, యాక్సెస్‌లోనే ఉన్న డేటాబేస్ స్ప్లిటర్‌తో ఫైలును రెండుగా విడదీయండి. టేబుళ్లున్న ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉండాలి. ఫారాలు, రిపోర్టులు ఉన్న ఫైలు కాపీ ప్రతి కంప్యూటర్‌లోనూ విడివిడిగా ఉండాలి. ప్రోగ్రామ్ మొదలవగానే టేబుళ్ల ఫైలులోని ఏదో ఒక చిన్న టేబుల్‌కు ముడిపెట్టిన ఫారం ఒకటి కనిపించకుండా తెరిచి ఉంచితే, లాక్ ఫైలు మాటిమాటికీ పుట్టి చెరిగిపోయే బాధ తప్పుతుంది.

రెండో జవాబు

పై సలహాతో ఏకీభవిస్తూనే, తీగలను కూడా అనుమానించమంటాను. ప్రతి కంప్యూటర్‌లోనూ ఈథర్‌నెట్ స్టేటస్ తెరిచి, స్పీడ్ అన్నచోట 1.0 జీబీపీఎస్ ఉందో, 100 ఎంబీపీఎస్ ఉందో చూడండి. గిగాబిట్‌కు, అంటే ఆ 1.0 జీబీపీఎస్‌కు, కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. 100కు నాలుగు చాలు. కేబుల్ చివర కనెక్టర్ బిగించేటప్పుడు (క్రింపింగ్) మిగిలిన నాలుగింటిలో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా, నెట్‌వర్క్ ఆగకుండా చప్పుడు లేకుండా 100కు దిగిపోవచ్చు. 1 జీబీ ఫైలు కాపీ చేసి చూస్తే తెలిసిపోతుంది: 100 మీద దాదాపు నిమిషంన్నర, గిగాబిట్ మీద డిస్క్ సహకరిస్తే పది పన్నెండు సెకన్లు. వైఫై మీద మాత్రం యాక్సెస్ నడపకండి. రాసే మధ్యలో సిగ్నల్ తెగితే వేగం సంగతి అటుంచి ఫైలే చెడిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు కంప్యూటర్లు 100 చూపించాయి. చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి కొత్త కేబుళ్లు తెప్పించి మార్చాము. గోదాములో వైఫైతో నడిచే ల్యాప్‌టాప్‌కు కూడా తీగ లాగించాము. ఫైలును విడదీశాక బిల్లింగ్ బాగా తేలికపడింది. కానీ ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలతో పార్టీని వెతికితే ఇప్పటికీ ఆలస్యమే.

మూడో జవాబు

మిగిలిన ఆలస్యం క్వెరీలో, అంటే టేబుల్‌లో వెతకమని ఇచ్చే ఆదేశంలో ఉంది. చివరి అంకెలతో వెతకాలంటే, ముందు ఏ అంకెలున్నా సరే అని చెప్పడానికి వాటి ముందు నక్షత్రం గుర్తు (*) పెట్టాలి. అలా పెడితే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కాలమ్‌కు పెట్టుకునే సూచిక) ఉన్నా ఉపయోగపడదు, ఆ టేబుల్ మొత్తం మీ కంప్యూటర్‌కు రావలసిందే. చివరి నాలుగు అంకెలకు వేరే కాలమ్ పెట్టి, దానికి ఇండెక్స్ ఇవ్వండి. అందరూ బయటికి వచ్చాక, ఫైలును కుదించి సరిచేసే కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపండి. ఒక యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటలేదు కాబట్టి, సైజు మీద కన్నేసి ఉంచండి.

సర్వర్ విషయంలో మీకు కంప్యూటర్లు సరఫరా చేసే వ్యక్తితో నా అభిప్రాయం కలవదు. ఆరుగురి ఆఫీసుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. అదే యాక్సెస్ ఫైలును అందులో పెడితే వెతికే పని మళ్లీ మీ కంప్యూటర్ల మీదే పడుతుంది. డేటా పెరిగితే టేబుళ్లను, వెతికే పని తానే చేసే, ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌కు మార్చవచ్చు. దాని 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ వరకు పెరగవచ్చు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, యజమాని గదిలోని కంప్యూటర్ సంగతి మాత్రం వాయిదా వేయకండి.

కొత్త కాలమ్ పెట్టాక కూడా ఆలస్యమైతే, ఆ క్వెరీని ఎస్‌క్యూఎల్ వ్యూలో తెరిచి ఇక్కడ పెట్టండి; పార్టీల పేర్లు, నంబర్లు తీసేసి పెట్టండి.