పాపకి ఆపిల్ సాస్ ఇంట్లోనే చేయాలి, ఎవరైనా చెప్పండి

చిన్నితల్లి_ఎన్‌జే: అందరికీ నమస్తే అండి. వీకెండ్ ఆపిల్ పికింగ్‌కి వెళ్ళి పెద్ద సంచి నిండా తెచ్చాం, ఎక్కువ మెకింటాష్, కొన్ని ఫుజి, కాసిని గ్రానీ స్మిత్. పాపకి ఎనిమిదో నెల. 2023లో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ పౌచుల్లో సీసం ఉందని రీకాల్ అయ్యాయి కదా, అప్పట్నుంచి బయట పౌచులు కొనాలంటే మనసొప్పట్లేదు. పంచదార, ప్రిజర్వేటివ్ లేకుండా చేయాలి. కుక్కర్లో పెట్టేయొచ్చా? తీపికి కాస్త తేనె వేయమంటున్నారు మా అత్తయ్య, వేయొచ్చా?

గుంటూరమ్మాయి: తేనె మాత్రం వద్దమ్మా, ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. బోట్యులిజం అని పసిపిల్లలకి ప్రమాదకరమైన జబ్బు ఉంది, దాన్ని తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటివి) తేనెలో ఉండొచ్చు, ఇంట్లో ఎంత మరిగించినా అవి చావవు. అత్తయ్యగారికి పాప డాక్టర్ చేతే చెప్పించు, ఇంక అడగరు. అసలు తీపి కోసం ఏమీ కలపక్కర్లేదు, మెకింటాష్ తొందరగా మెత్తబడిపోతుంది, ఫుజి తీపి ఇస్తుంది, రెండూ సగం సగం వేస్తే చాలు. గ్రానీ స్మిత్ పుల్లగా ఉంటాయి, అవి పచ్చడికి ఉంచుకో. తొక్క, గింజలు తీసేసి ముక్కలు కోసి అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి అడుగు తడిసేంత నీళ్ళే పొయ్యి, ఎక్కువ పోస్తే జావలా అయిపోతుంది, మూత పెట్టి సన్న సెగ మీద ఇరవై నిమిషాలు, మధ్యలో కలుపుతూ ఉండు. మాకైతే పప్పుగుత్తితో మెదిపేస్తా, పాపకి మిక్సీలో ఒక తిప్పు తిప్పు.

రావుగారు_డల్లాస్: కుక్కర్ వద్దండి. ఆపిల్ ఉడికేటప్పుడు నురగ పొంగి ఆవిరి పోయే దారికి అడ్డం పడుతుంది, చాలా కుక్కర్ల మాన్యువల్‌లో ఆపిల్ సాస్ చేయొద్దనే రాసి ఉంటుంది. మామూలు గిన్నెలో అయ్యే పనికి ఆ రిస్క్ ఎందుకు.

హైదరాబాదీ: ఇక్కడ మాకు దొరికేది ఎక్కువ సిమ్లా, కశ్మీర్ ఆపిలే. తీపి ఉంటది కానీ పులుపు ఉండదు, నేనైతే దించే ముందు నిమ్మరసం పిండుతా, రంగు కూడా నల్లబడదు. ఒక గుడ్డు బదులు పావు కప్పు సాస్ వేసి కేక్ చేస్తే మెత్తగా వస్తది అక్కా.

చిన్నితల్లి_ఎన్‌జే: చాలా థాంక్స్ అండి! నిల్వ ఎలా మరి, సంచి నిండా ఉన్నాయి?

గుంటూరమ్మాయి: పాపకి పెట్టేది ఫ్రిజ్‌లో రెండ్రోజులకి మించి వద్దు, మిగతాది ఐస్ ట్రేల్లో గడ్డకట్టించి జిప్ కవర్లో వేసుకో, రోజుకి రెండు ముక్కలు తీసి కరిగిస్తే సరిపోద్ది. పెద్దవాళ్ళకి చేసేప్పుడు మెకింటాష్ తొక్కతోనే ఉడికించి జల్లెడలో వడకట్టి చూడు, లేత గులాబీ రంగు వస్తుంది.