పదో తరగతి అబ్బాయి పుస్తకం పట్టడు, మాతో మాట్లాడడు: ఏం చేయాలి?

ప్రశ్న (అమలాపురం, ఒక తల్లి)

నమస్కారమండీ. రెండేళ్ల క్రితం దాకా మా అబ్బాయి బడి నుంచి రాగానే సంచీ దించకుండానే కబుర్లన్నీ చెప్పేవాడు. ఇప్పుడు ఏమడిగినా "ఏం లేదమ్మా" అని ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లిపోతున్నాడు. వాళ్ల నాన్నగారు కేకలేస్తే మరింత ముడుచుకుపోతున్నాడు. చదువుతాడేమోనని నాలుగు కథల పుస్తకాలు కొని బల్ల మీద పెట్టాను. నెల గడిచినా వాటిని తెరవలేదు. అనుభవమున్నవారు దారి చెప్పగలరు.

సమాధానం (సఖినేటిపల్లి, ఒక తండ్రి)

అమ్మా, మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాదీ ఇదే బాధ. ఆదివారాలు పంటు మీద, అంటే బళ్లనూ మనుషులనూ దాటించే పెద్ద పడవ మీద, గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లేటప్పుడు వీరేశలింగం గారి రాజశేఖర చరిత్ర వెంట తీసుకెళ్లేవాణ్ణి. 1880లో పుస్తకంగా వచ్చిన నవల కనుక భాష పిల్లలకు కొరుకుడు పడదు. అందుకే నేనే పైకి చదివేవాణ్ణి. కథ మన ధవళేశ్వరంలో, గోదావరి వర్ణనతో మొదలవుతుంది. కళ్లెదుట ఉన్న నదే పుస్తకంలోనూ కనిపించేసరికి తను ఫోను పక్కన పెట్టి వినసాగింది. బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు మోసపోయే చోట, "అంత పెద్దాయన ఎలా నమ్మాడు నాన్నా?" అని అడిగింది. చీటీలు కట్టి నేను పోగొట్టుకున్న డబ్బు సంగతి, అంతవరకూ తనకు తెలియనివ్వనిది, అప్పుడు చెప్పేశాను. పంటు రేవుకు తగిలినా ఇద్దరం కదల్లేదు. వెనక మోటారు సైకిలాయన హారను కొడితే దిగాం. ఆ రాత్రి తను లెక్కల మార్కుల కాగితం దాచిన సంగతి తనంతట తానే చెప్పింది. నేను కోప్పడలేదు.

సమాధానం (రాజమహేంద్రవరం, విశ్రాంత గ్రంథపాలకుడు)

పుస్తకం మీరు కొనిపెట్టకండి, అబ్బాయినే ఎంచుకోనివ్వండి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ పుస్తకాలు మన పిల్లలవే. శాఖా గ్రంథాలయాలకు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం వెళ్లవచ్చు. క్రికెట్ పత్రిక తీసినా అడ్డు చెప్పవద్దు. చదివాక "ఏం నేర్చుకున్నావు?" అని మాత్రం అడగకండి, అది పరీక్ష అవుతుంది.

సమాధానం (తణుకు, ఇంటర్ విద్యార్థిని)

మా అమ్మ ఏ మాట మొదలుపెట్టినా మార్కుల దగ్గరే ఆగేది. ఇప్పుడు తను చదువుతున్న కథలో నచ్చని మనిషి గురించి నాతో వాదిస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే నాకు మాట రాదు, స్కూటీ మీద వెనక కూర్చుంటే అన్నీ చెప్పగలను.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సఖినేటిపల్లి వారి సమాధానం మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుని, తాను ఇంటర్ తప్పిన సంగతి వాడికి చెప్పవచ్చా అని అడిగారు. చెప్పమన్నాను. ఈ ఆదివారం గ్రంథాలయానికి వాణ్ణి ఆయనే తీసుకెళ్తున్నారు.