రెండు ఇమ్యునోథెరపీ మందుల ట్రయల్: నాన్నని చేర్చమంటారా?

ప్రశ్న: నాన్నకి 64. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్టేజ్ 4. పీడీ-ఎల్1 (క్యాన్సర్ కణాల మీద కనిపించే ప్రొటీన్) 60 శాతం, ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే అనే జన్యు మార్పులు నెగెటివ్. పెంబ్రోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు) ఒక్కటే ఇవ్వొచ్చట, లేదా దానికి ఇంకో మందు కలిపే ట్రయల్‌లో చేరొచ్చట. సంతకం పెట్టాల్సిన కాగితాలు 22 పేజీలు. రాత్రి కూర్చుని చదివితే 9వ పేజీ దాటలేకపోయాను. "రెండు మందులంటే రెట్టింపు బలం కదరా" అంటున్నారు నాన్న. నిజమేనా?

జవాబు 1: ఆ లెక్క కుదరదండీ. పీడీ-ఎల్1 50 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకే కీనోట్-598 ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్‌కి ఇపిలిముమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందు కలిపి చూశారు. ఆయుష్షు పెరగలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం పెరిగాయి. అలాగని కాంబినేషన్లన్నీ దండగ అనను. నివోలుమాబ్ అనే ఇలాంటి మందే, ఇపిలిముమాబ్ కలిపిన జంటకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. కలిపే మందు ఏదో, ట్రయల్ ఏ ఫేజో (ఎన్నో దశో) ముందు అడగండి.

జవాబు 2: మా అమ్మ ఇలాంటి ట్రయల్‌లోనే ఉంది. మూడో డోసు తర్వాత రోజుకి ఏడెనిమిది సార్లు విరేచనాలు. తిన్నది పడలేదేమోలే అని రెండు రోజులు ఊరుకున్నాం, అదే మా తప్పు. పేగు వాపు అది. స్టెరాయిడ్లతో తగ్గింది. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఫేజ్ 3 అట. ఎక్కించేది రెండో మందో, ఉత్త సెలైనో మాకూ డాక్టర్‌కీ కూడా తెలియనివ్వరట. 9వ పేజీలో ఉన్నది అదే. నాన్నకి ఇంకా చెప్పలేదు.