వరిగడ్డి, అరటి బోదె కాగితం: డెల్టాకి ఏది అచ్చొస్తుంది?

బోదెనార:
గెల కోశాక అరటి బోదె గట్టు మీద కుళ్ళుతోంది. మిషన్‌తో కోసిన చేలో గడ్డి వానకి నానిపోతోంది. ఇంకోపక్క రాజమహేంద్రవరం మిల్లుకి సరుగుడు, సుబాబుల్ కర్ర లారీల మీద పోతూనే ఉంది. చైనాలో తొలి కాగితం చెట్ల బెరడు, నార, పాత గుడ్డలతోనే చేశారు. యూరప్‌లో కూడా 19వ శతాబ్దం దాకా గుడ్డపీలికలే ముడిసరుకు. కాగితానికి కర్రే కావాలన్నది ఈమధ్య వచ్చిన అలవాటు. మన గోదావరి డెల్టాలో కర్ర మానేసి గడ్డి, బోదెలతోనే కాగితం చెయ్యాలని నా వాదన. కాదంటే కారణం చెప్పండి.

గుజ్జులెక్క:
కారణం సిలికా అండి. వరిగడ్డిని కాలిస్తే 15 శాతం పైనే బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికాయే. కర్రలో బూడిద ఒకటి రెండు శాతం దాటదు. గడ్డిని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే, పోగుల్ని అంటిపెట్టే లిగ్నిన్‌తోపాటు ఈ సిలికా కూడా కరిగి నల్ల ద్రావణంలోకి వస్తుంది. కర్ర మిల్లు ఆ ద్రావణాన్ని చిక్కబరిచి, రికవరీ బాయిలర్లో మండించి, ఆవిరీ కాస్టిక్కూ రెండూ రాబట్టుకుంటుంది. మిల్లు నిలబడేది దాని మీదే. సిలికా ఉన్న ద్రావణం చిక్కబడేకొద్దీ జిగురై పంపుకి లొంగదు. దాన్ని చిక్కబరిచే ఎవాపరేటర్ గొట్టాల్లో గట్టి పొర కడుతుంది. కాస్టిక్ తిరిగి రాబట్టేటప్పుడు చివర్లో వచ్చే సున్నం మడ్డి కూడా నీరు సరిగ్గా వదలదు.

లెక్క చూడండి. గడ్డిలో 42 శాతం గుజ్జుగా మిగిలితే, టన్ను గుజ్జుకి 2.4 టన్నుల ఎండుగడ్డి కావాలి. మిగతా 1.4 టన్నులు కరిగిపోతుంది. 12 శాతం చొప్పున వేసిన 290 కిలోల కాస్టిక్ కూడా దాంతోపాటే. రికవరీ లేకుండా ఇదంతా ఏ డ్రెయిన్‌లోకి వదులుతారు?

సరుగుడుతోట:
కర్ర అనగానే అడవి నరికినట్టు మాట్లాడొద్దండి. మిల్లులు తమ కర్రని రైతుల దగ్గర పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. తీరం ఇసుకల్లో సరుగుడు మూడు నాలుగేళ్ళకి కోతకొస్తుంది, వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి నత్రజని పట్టిస్తుంది. సుబాబుల్ కొట్టిన మొదలు నుంచే మళ్ళీ చిగురేస్తుంది. పైగా కర్రని అవసరాన్నిబట్టి కొట్టుకోవచ్చు. గడ్డంతా కోతలప్పుడు నాలుగు వారాల్లోనే చేతికొస్తుంది, మిల్లుకి మాత్రం ఏడాదంతా కావాలి. కట్టలో తేమ 15 శాతం దాటితే మేటు లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. నవంబరు వాయుగుండాల్లో ఎండుగడ్డి ఏరడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకి చెప్పాలా?

బోదెనార:
మరి చెరకు పిప్పి? తమిళనాడు ప్రభుత్వ సంస్థ కరూర్ దగ్గర కాగితపురంలో 1980ల నుంచి పిప్పితో కాగితం తీస్తోంది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

గుజ్జులెక్క:
పిప్పిలో సిలికా గడ్డిలో ఉన్నంత లేదు, అందుకే రికవరీ నడుస్తుంది. దానికీ చాకిరీ ఉంది. పిప్పిలో 30 శాతం దాకా ఉండే మెత్తటి బెండుని ముందే విడగొట్టాలి. లేకపోతే అది కాస్టిక్‌ని తాగేసి, కాగితం పరిచే జాలీ మీద నీటిని దిగనివ్వదు. ఇంకోటి, పంచదార మిల్లులు పిప్పిని తమ బాయిలర్లలోనే కాల్చుకుంటాయి. కాగితపురం మిల్లు బదులుగా ఇంధనం ఇచ్చి పిప్పి తీసుకుంది. ఆ ఒప్పందమే దాని అసలు బలం. ఇక్కడ చెరకే తగ్గిపోతుంటే పిప్పి ఎవరిస్తారండి?

శివారురైతు:
గడ్డిని వ్యర్థం అంటున్నవాళ్ళకి ఒక మాట. గేదెలున్న ఇంట్లో అది మేత. టన్ను గడ్డిలో 15 నుంచి 20 కిలోల పొటాషియం ఉంటుంది. గడ్డి ఊరు దాటితే అదీ దాటినట్టే, మళ్ళీ మేమే సంచీ కొనాలి. ఇక ఆ సోడా నీళ్ళు. సోడియం ఎక్కితే నల్లరేగడి బంక చెదిరి పైన గట్టి పొర కడుతుంది, నీరు లోపలికి దిగదు. శివారు ఆయకట్టులో ఇప్పటికే ఉప్పు పైకొస్తోంది. అక్కడ ఒక్క మడిలోకి ఆ నీళ్ళు వచ్చినా పంట పోతుంది.

జాలీచట్రం:
పెద్ద మిల్లు లెక్కనే అందరూ మాట్లాడుతున్నారు. అరటి బోదెని చేతికాగితంగా చూడండి, లెక్క మారిపోతుంది. బోదెలో 90 శాతం పైగా నీరే. 100 కిలోల బోదె నుంచి ఒక కిలో, కిలోన్నర ఎండు నార వస్తుంది. అందుకే బోదెని మోసుకెళ్ళకూడదు, తోట దగ్గరే నార తీసే మిషన్ పెట్టి నారని మాత్రమే తీసుకెళ్ళాలి.

10 కిలోల ఎండు నారకి పని ఇదీ. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా నరికి రాత్రంతా నానబెట్టాలి. 100 లీటర్ల నీళ్ళలో కిలో కాస్టిక్. కాస్టిక్‌ని నీళ్ళలో వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదు, చిమ్ముతుంది. ఇనుము లేదా స్టీలు పాత్రే వాడాలి. అల్యూమినియం గిన్నెని కాస్టిక్ తినేస్తుంది, పైగా మంటకి అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. మూడు నాలుగు గంటలు మరిగాక నారని వేళ్ళ మధ్య లాగితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో గంట. ఇక్కడ తొందరపడితే కాగితంలో పుల్లలు తేలుతాయి, గుజ్జు దంచే బీటర్ ఎంత తిప్పినా పోవు. తరవాత చేతికి జారుడు తగలనంత వరకూ కడగాలి.

బీటర్లో రెండు మూడు గంటలు. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. అరటి గుజ్జులో బంక గుణం ఎక్కువ. అతిగా దంచితే జాలీ మీద నీరు దిగదు, షీటు ఆరేటప్పుడు ముడుచుకుపోయి నూనె కాగితంలా కనపడుతుంది. తక్కువ దంచితే పొడుగు పోగులు తొట్టిలో ఉండలు కడతాయి. ఉండలకి విరుగుడు గుజ్జుని పలచన చెయ్యడం: తొట్టిలో 100 లీటర్లకి అరకిలో ఎండు గుజ్జు మించకూడదు. బెండకాయ జిగురు కాస్త కలిపినా పోగులు విడివిడిగా తేలతాయి.

10 కిలోల నారకి సుమారు 5 కిలోల గుజ్జు నిలుస్తుంది. 56 × 76 సెంటీమీటర్ల షీటు, చదరపు మీటరుకి 120 గ్రాముల మందంలో 51 గ్రాములు తూగుతుంది. అంటే 100 షీట్లకి కాస్త అటూ ఇటూ. శుభలేఖలకి, ఫైలు అట్టలకి బాగుంటుంది. సిరా పాకకుండా పటిక, రాజనం వేస్తే ఆమ్లం వల్ల కాగితం కొన్నేళ్ళకి పసుపెక్కి పెళుసవుతుంది. చాలాకాలం నిలవాలంటే ఆమ్లం లేని సైజింగే (సిరా పాకకుండా వేసే మందు) వాడాలి.

సరుగుడుతోట:
బాగుంది. కానీ 100 షీట్లతో బడి పుస్తకం రాదు కదండీ. మొదటి పోస్టులో అడిగింది మిల్లు మానెయ్యాలా అని.

బోదెనార:
మిల్లు విషయంలో సిలికా వాదన ఒప్పుకుంటున్నాను, వరిగడ్డి మాట వెనక్కి తీసుకుంటాను. కానీ జనుము వదలను. దాళ్వా (రబీ వరి) వెయ్యని చేలల్లో సార్వా (ఖరీఫ్ వరి) తరవాత ఎలాగూ చల్లుతున్నాం. బెరడు నార పొడుగైనది, బలమైనది, పల్చటి కాగితానికి పేరున్నది.

శివారురైతు:
మనం చల్లేది మేతకి, పచ్చిరొట్టకి అండి. నారకైతే దట్టంగా చల్లి, 90 రోజులు పైన ఉంచి, నీళ్ళలో ఊరవెయ్యాలి. నార కోతకొచ్చి ఊరవేసేసరికి ఏప్రిల్, కాలవలకి నీళ్ళు కట్టేసే రోజులు. చెరువులో వేస్తే కుళ్ళి ఆక్సిజన్ పోతుంది, చేపలు తేలతాయి. ఊరవెయ్యకుండా మిషన్‌తో బెరడు ఒలిచే దారి ఉంటేనే ఆ మాట ఎత్తండి.

గుజ్జులెక్క:
జాలీచట్రం గారూ, మీ 100 లీటర్ల ఉడుకునీళ్ళ సంగతి తేలలేదు. చిన్న పనే అయినా అందులో సోడియమే ఉంది.

జాలీచట్రం:
కాస్టిక్ సోడా బదులు కాస్టిక్ పొటాష్ వాడొచ్చు. కిలో సోడా పని చెయ్యడానికి 1.4 కిలోల పొటాష్ కావాలి, ఖరీదు ఎక్కువే. కానీ అందులోని పొటాష్ దగ్గరదగ్గర 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువుతో సమానం. ఉడుకునీళ్ళని కడిగిన నీళ్ళతో కలిపి పలచన చేసి, పిహెచ్ 8 లోపుకి దించాకే తోటకి పెట్టాలి. దించకుండా పోస్తే వేళ్ళు మాడతాయి. అరటికి పొటాష్ ఎలాగూ ఎక్కువ కావాలి. ఇదే లెక్క మిల్లు స్థాయిలో వరిగడ్డికీ పనికొస్తుందా అన్నది వేరే చర్చ. కుదిరితే శివారురైతు గారు అడిగిన పొటాష్ కూడా తిరిగి చేనుకి చేరుతుంది.

గుజ్జులెక్క:
చేరాలంటే టన్ను గుజ్జుకి 290 కిలోల సోడా స్థానంలో 400 కిలోల కాస్టిక్ పొటాష్ కొనాలి. ఆ ద్రావణాన్ని ట్యాంకర్లలో ఊరూరా తిప్పాలి. సార్వా నాట్ల తరవాత మడులు నిండుగా ఉన్న నెలల్లో ఎక్కడ దాస్తారో ముందు చెప్పండి.