అప్‌డేట్: తాతయ్య ఒమేగా వాచీలో ఆ టక్ టక్ ఏంటో తెలిసింది

తాతయ్య ఆటోమేటిక్ వాచీ ఊపితే లోపల ఏదో గుద్దుకుంటున్నట్టుందని, రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగి వాచీకి కీ ఇచ్చే బరువు) పూర్తిగా తిరగట్లేదని పోయిన నెల అడిగాను కదా. అది రిపేరు కాదండీ! ఇక్కడ బెంగళూరు చిక్‌పేటలో ఒక పెద్దాయన వెనక మూత తీసి, భూతద్దం నా చేతికిచ్చి చూపించారు: బరువు గుండ్రంగా తిరగదు, కొంత దూరం ఊగి రెండు వైపులా ఉన్న చిన్న స్ప్రింగులకు తగిలి వెనక్కి వస్తుంది. దీన్నే బంపర్ ఆటోమేటిక్ అంటారట. మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) మీద దాని నంబర్ 342 అని, 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) అని చెక్కి ఉంది. ఒమేగా 1950ల మధ్యలో పూర్తిగా తిరిగే రోటర్‌కి మారింది, అంటే ఇది దానికి ముందు రకం. అంతకుముందు ఒకాయన రోటర్ మార్చేద్దాం అన్నారు, ఒప్పుకోకపోవడమే మంచిదైంది. సర్వీసుకిచ్చాను, పాత నూనె గట్టిపడిందట. మూత తీయించి నంబర్ చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్.