అప్‌డేట్: ఇమాజికా థీమ్ పార్క్ మూతపడలేదు, మా అనంతపురం పిల్లోల్ల ట్రిప్ బాగా జరిగింది

మహారాష్ట్రలో ఖోపోలి దగ్గర ఇమాజికా అప్పుల్లో ఉంది, ఓనర్లు మారుతున్నారంట, పిల్లోల్ల ట్రిప్‌కి అడ్వాన్స్ కట్టొచ్చా అని అడిగినా కదా. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్ అన్నా. నిజంగా పనికొచ్చింది మాత్రం అది లిస్టెడ్ కంపెనీ (షేర్లు మార్కెట్లో అమ్ముడయ్యే కంపెనీ) కాబట్టి స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన ప్రకటనలు చూడు అన్న సలహా, చూస్తే 2022లో బ్యాంకుల అప్పు సెటిల్ చేసి మల్పానీ గ్రూప్ కంట్రోల్ తీసుకుంది, వాళ్లు లోనావాలా, షిర్డీల్లో ముందునుంచే వాటర్ పార్కులు నడుపుతున్నారు కాబట్టి ఈ పని తెలిసినోళ్లే, నాకు అదే పెద్ద ధైర్యం. ముందు పార్క్ పేరులో ఉన్న అడ్లాబ్స్ అనేది తీసేసినారు అంటే మూసేస్తారేమో అన్నారు కొందరు, దానికీ దీనికీ సంబంధం లేదు, పేరు అంతకుముందే మారింది. పూణే దాకా రైల్లో పోయి ఆడినుంచి బస్సు మాట్లాడుకున్నాం. పిల్లోల్లు శానా సంబరపడినారు, 2013లో తెరిచిన ఆ పార్క్ ఇంకా చానాకాలం నడవాలబ్బా.