రైతు భరోసా పట్టాదారుకా, కౌలు చేసేవాళ్లకా? ఏ లెక్కన న్యాయం?

హాలియా పోరడు:
మాది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. మా బాబాయి ఎనిమిదెకరాలు కౌలుకు చేస్తాడు. ఓనర్ ఉండేది హైదరాబాద్‌లో, కోతలప్పుడు కూడా రాడు, బస్తాల లెక్కంతా ఫోన్లోనే. 2018లో రైతు బంధు మొదలైనప్పటి నుంచీ డబ్బు ఆయన ఖాతాలోకే పోతోంది, ఇప్పుడు పేరు రైతు భరోసా అయింది, ఎకరాకు ఏడాదికి 12 వేలు అయింది, పోయే ఖాతా మాత్రం అదే. యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి ఎండలో నిలబడేది మా బాబాయి. దీని మీద ఇంట్లో పెద్ద గొడవ. "భూమి ఆయనది, డబ్బు ఆయనది, ఇందులో అన్యాయం ఏముంది" అంటాడు మా నాన్న. పెట్టుబడిదారీ లెక్కలో, సోషలిస్టు లెక్కలో, గాంధీ గారి ధర్మకర్త లెక్కలో (ఆస్తి ఉన్నవాడు దాన్ని అందరి తరఫున చూసుకోవాలనే లెక్క) ఇది ఎవరి డబ్బు? పార్టీల గోల వద్దు దయచేసి.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:
మీ నాన్న మాట తీసిపారేయకండి. భూమి చేజారదన్న ధీమా లేకపోతే కౌలుకిచ్చేవాడే ఉండడు. ఆస్తి ఓనర్‌దే అన్న వాదనను 1974లో గట్టిగా నిలబెట్టింది అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్. న్యాయంగా సంపాదించి, ఇష్టపూర్వకంగా చేతులు మారిన ఆస్తి జోలికి ప్రభుత్వం పోకూడదంటాడు. సరే, ఆ లెక్క పూర్తిగా ఒప్పుకుంటే మీ ఓనర్‌కు కూడా పైసా రాకూడదు! టీ కొట్టువాడి దగ్గర పన్ను తీసి పట్టాదారుకు పెట్టడం నోజిక్‌కు తప్పే కదా. ఇంకోటి, మొదట్లో అన్యాయంగా చేజిక్కించుకున్నదైతే సరిదిద్దాలని ఆయనే ఒప్పుకున్నాడు. దొరలు వెట్టి చేయించుకున్న జిల్లా మనది, ఈ మాట దాటేసి పోలేం. మీ ఓనర్‌ది కొన్న భూమా, తాతల నాటిదా?

హాలియా పోరడు:
సాగర్ నీళ్లు రాకముందు వాళ్ల నాన్న చవగ్గా కొన్నాడట.

సూర్యాపేట పాతకాపు:
అదీ సంగతి తమ్ముడూ! 1967లో నీళ్లు వదిలింది ప్రభుత్వం, రేటు పెరిగింది పట్టాదారుకు. అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ 1879లో పట్టుకున్నది దీన్నే. అందరి డబ్బుతో కాలువలు, రోడ్లు వేస్తే పెరిగిన భూమి విలువను పన్నుగా తీసుకోండి, మనిషి కష్టపడి పండించిందాన్ని వదిలేయండి అన్నాడు. ఆయన సోషలిస్టు కూడా కాదు.

ఇక మార్క్స్. పనికి తగ్గ ఫలం అన్నా సమానం రాదని 1875లో తనవాళ్లకే రాశాడు, ఒకడికి ఇంటినిండా పిల్లలు, ఇంకొకడు ఒంటిగాడు, కూలి మాత్రం ఒకటే. చైనాలో ఉమ్మడి సేద్యానికి కమ్యూన్లు పెట్టి, ఎవరెంత పని చేశారో పాయింట్లు రాశారు, చివరికి 1978లో షియావ్‌గాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు చాటుగా పొలాలు పంచుకుని ఎవరి చెక్క వాళ్లు దున్నుకున్నారు, భూమి ఉమ్మడిదిగానే ఉండిపోయింది. అదే ఏడాది బెంగాల్‌లో ఆపరేషన్ బర్గా మొదలైంది. పట్టా ముట్టుకోలేదు, పాలుకు చేసేవాళ్ల పేర్లు రికార్డుకెక్కించి, ఖర్చు వాళ్లే పెట్టుకుంటే పంటలో 75 శాతం వాళ్లదే అన్నారు. మనకూ 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం ఉంది, ఓనర్ ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేని రక్షిత కౌలుదారులు దాన్నుంచి వచ్చినవాళ్లే. భూమి చేజారుతుందన్న ఆ భయానికే ఇప్పుడు ఎవరూ కాగితం రాయరు.

గాంధీ గారి దారి అంటే మన పోచంపల్లే. 1951 ఏప్రిల్ 18న గాంధీ గారి శిష్యుడు వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఇచ్చారు. దండం పెట్టాల్సిన పనే. మీ ఓనర్‌కు ఆ మనసు రాకపోతే మీ బాబాయి ఎవరిని అడగాలి?

మక్తల్ టీచరమ్మ:
పట్టాదారా కౌలుదారా అని మీలో మీరే కొట్లాడుతున్నారు. ఆ ఎనిమిదెకరాల్లో నాట్లేసిన ఆడవాళ్లు ఎవరి లెక్కలో ఉన్నారన్నా? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టుకుని ముంబై, పుణె బస్సెక్కేవాళ్లు మా దిక్కు ఇంకా ఉన్నారు, పిల్లల్ని కూడా తీసుకుపోతారు, హాజరు పట్టీ చూస్తే తెలిసిపోతుంది. నువ్వు ఏ ఇంట్లో పుడతావో తెలియదనుకుని రూల్స్ రాయి అన్నాడు అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్, 1971లో. తేడాలు ఉండనీ, కానీ వాటివల్ల అందరికంటే కిందున్నవాళ్లకు మేలు జరగాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఓనర్‌కు ఏడాదికి 96 వేలు. భూమి లేని కూలి కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద 12 వేలు, అది కూడా ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసినట్టు ఉంటేనే. ఓనర్‌ను ఎన్ని రోజులు పొలంలో దిగావని ఎవరైనా అడిగారా?

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:
మేడమ్ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. కౌలుదారు విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. డబ్బు అతని ఖాతాలోనే వేశారనుకోండి, భూమి కోసం జనం పోటీ పడే మా ఆయకట్టులో ఓనర్ వెంటనే కౌలు రెండు బస్తాలు పెంచుతాడు, తిరిగి తిరిగి ఆయన దగ్గరికే పోతుంది. ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లోనే దాదాపు ఇదే చెప్పాడు. పేరు రికార్డుకెక్కాలి, కౌలుకు హద్దు ఉండాలి, ఈ రెండూ లేకుండా ఖాతా మార్చి లాభం లేదు.

హాలియా పోరడు:
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. నీళ్ల మాట ఒప్పుకున్నాడు. కానీ "రికార్డు అంటే చాలు, ఓనర్ వచ్చే యాసంగికి భూమి వేరేవాళ్లకు ఇస్తాడు, అప్పుడు మీ బాబాయికి ఎవరు పెడతారు" అంటున్నాడు. బెంగాల్‌లో దీన్ని ఎట్లా ఆపారు? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా రాయండి.